ఇంటర్వ్యూకు తడి జంపఖానా

“తిప్పు వదినె, తిప్పు! నువ్వు కుడిదిక్కు తిప్పు, నేను ఎడమదిక్కు తిప్పుత.”

“ఇంకేం తిప్పుతనే పిల్లా, భుజాలు ఊడొస్తానయ్. గిది జంపఖానానా, నీళ్లల్ల నానిన దున్నపోతా?”

బోరింగు గద్దె మీద మా వదినా నేనూ చెరో కొస పట్టుకుని పిండుతున్నాం. నీళ్లు కారుతున్నాయే గానీ బరువు తగ్గడం లేదు. ఇంటిల్లిపాదీ కాళ్లు చాపుకుని పడుకునేంత జంపఖానా అది. ఎర్ర చారలు, తెల్ల చారలు, రెండు కొసలా నీలం అంచు. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు నీళ్ల సంగతి మరచిపోయి మా తమాషా చూస్తున్నారు. తెల్లవారితే నా ఇంటర్వ్యూ. నమూనాగా నేను వెంట తీసుకెళ్లాల్సింది ఆ జంపఖానానే. పైకి చూస్తే ఆకాశమంతా మబ్బు.

“తెల్లారేసరికి ఎండుతదా వదినె?”

“నాకేం ఎరుక? నేనెన్నడన్న జంపఖానా ఉతికిన్నా?”

అదీ నిజమే. మేం జంపఖానాలు నేసేవాళ్లం, ఉతికేవాళ్లం కాదు. వదిన పెళ్లయి మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ మగ్గం మీద నా పక్కనే కూర్చుని నేస్తోంది. దిగిన జంపఖానాను దిగినట్టే చుట్టి సేటు దుకాణానికి పంపేవాళ్లం. మేం పడుకునేది మాత్రం ఈతచాప మీద. ఉతికితే అది ఎన్ని నీళ్లు తాగుతుందో, ఎప్పటికి ఆరుతుందో వాడుకునేవాళ్లకు తెలియాలి, మాకెట్లా తెలుస్తుంది?

ఈ సంబరమంతా మా అన్న తెచ్చిపెట్టిందే. అన్న మిల్లులో పని చేసేవాడు. ఒకరోజు పగటి షిఫ్టు దిగి వస్తూ, హన్మకొండ పోయే దారిలో ఆడవాళ్లకు జంపఖానాలు నేర్పే సెంటరు కొత్తగా పెడుతున్నారనీ, దానికి టెక్నికల్ సూపర్‌వైజర్ కావాలనీ కబురు మోసుకొచ్చాడు. మగ్గాలు, నూలు, రంగులు, నేర్చుకునే ఆడవాళ్ల పని, అన్నీ ఆ మనిషే చూసుకోవాలి.

“ఏడో తరగతి పాసై, నేత పనొస్తె చాలంటాండ్రు. నువ్వు పో చెల్లె,” అన్నాడు.

“సూపర్‌వైజరంటే ఏం జేస్తరన్నా?”

“ఏం జెయ్యరు. చేసెటోళ్ల ఎనుక నిలవడి మాట్లాడుతరు.”

“అయితె నీ చెల్లె కోసమే పుట్టిచ్చిండ్రు ఆ నౌకరి,” అంది వదిన, కుండలోంచి నీళ్లు ముంచి అన్నకు ఇస్తూ. “ముక్కు మూసినా నోటితోని ఊపిరి తీస్కోదు, మాట్లాడుతది.”

నేను నవ్వాను కానీ ఆ నౌకరీ మాట మనసులోంచి పోలేదు. మా వాడలో ఇంటింటా మగ్గం ఉంది, ఇంటింటా ఆడవాళ్లు నేస్తారు. నేత మీద పెద్దరికం మాత్రం మగవాళ్లది. రంగు ఏదనేది సేటు చెప్తాడు, బాగుందో లేదో ఆయన గుమాస్తా చెప్తాడు. ఒక ఆడమనిషి కుర్చీలోంచి లేచి వచ్చి “గట్ల కాదు, గిట్ల కొట్టు” అని చెప్పగా నేను చూడలేదు. ఆ మనిషి నేనే కావాలనిపించింది. అంత పెద్ద ఆశ అంతకుముందు నాకు ఎప్పుడూ పుట్టలేదు.

ఇక ఇంటర్వ్యూకు ఏమేం తీసుకెళ్లాలన్న దాని మీద వాడంతా ఒక్కటైంది. అన్న బడి సర్టిఫికెట్టును పాత క్యాలెండర్ అట్టల మధ్య పెట్టి దారం కట్టి ఫైలు చేశాడు. పెన్ను తప్పకుండా ఉండాలన్నాడు, తన చేతి గడియారం కూడా ఇచ్చాడు. అది నా చేతికి పెడితే మోచేతి దాకా జారింది. పక్కింటి పెద్దమ్మ మేడారం బంగారం, అదే అమ్మవార్లకు ఎత్తిచ్చిన బెల్లం, చిన్న ముక్క తెచ్చి నా కొంగున కట్టింది. వదిన మాత్రం, “పంజా తీస్కపోవే,” అంది. పంజా అంటే పేక దారాన్ని, అదే అడ్డంగా పోయే దారాన్ని, కిందికి కొట్టే ఇనుప పళ్ల పనిముట్టు. ఎవరి పంజా వాళ్లదే, ఒకరిది ఇంకొకరి చేతికి కుదరదు.

“పంజా పట్టుకపోతె కూలిదనుకుంటరు,” అని అన్న కొట్టిపారేశాడు. “సూపర్‌వైజరు పెన్ను పట్టాలె.”

“పెన్నుతోని కొడితె పేక కూసుంటదా?”

“నువ్వు ఊకో జర.”

వదిన ఊరుకుంది. ఊరుకుందనే అనుకున్నాం.

అసలు చిక్కు నమూనాతో వచ్చింది. స్వయంగా నేసినది ఒకటి తెచ్చి చూపించాలట. ఇంట్లో వెతికితే మేం నేసినది ఒక్క పీలిక కూడా లేదు. మగ్గం మీద ఉన్నది మొన్ననే మొదలుపెట్టింది, అదీ సేటుది. ఇన్నేళ్లుగా నేస్తూ మా చేతిపని మా దగ్గర లేదన్న సంగతి ఆ రోజు వరకూ నాకు తట్టనే లేదు. ఏడుపొచ్చింది. వదిన కాసేపు ఆలోచించి, “నీలం దారం తక్కువపడితె నల్లది కలిపినం జూడు, గది యాదికున్నదా?” అంది.

ఎందుకు లేదు? అది ఒక పెళ్లి కోసం తొందర చేసి నేయించిన జంపఖానా. చివరి అంచు దగ్గర నీలం అయిపోయింది. అడగడానికి సేటు ఊళ్లో లేడు. నేనే తెగించి సన్నటి నల్లగీత ఒకటి వేసి అంచు ముగించాను. ఆ పెళ్లయ్యాక దాన్ని సామాన్లు కిరాయికిచ్చే చాచా కొనుక్కున్నాడని విన్నాం. ఇంటర్వ్యూకు ముందురోజు మధ్యాహ్నం ఇద్దరం చాచా దుకాణానికి పోయాం. గంగాళాలు, ఇనుప కుర్చీలు, పెట్రోమాక్స్ లైట్ల వెనకాల జంపఖానాల గుట్ట ఉంది. వదిన కొసలు మాత్రం చూస్తూ ఒక్కొక్కటే తిరగేసి, నల్లగీత కనబడగానే, “అగో, మన పిల్ల!” అని అరిచింది.

చాచా ఆశ్చర్యపోయాడు. “గిది మీరు నేసిందా బిడ్డా? నా దుకాణంల మూలలు లేవకుంట సక్కగ పండేది గిదొక్కటే. పెండ్లికొడుకు కింద గిదే ఏస్త.”

ఆ మాటకు నాకు కడుపు నిండిపోయింది. చాచా జంపఖానాను ఊరికే ఇచ్చాడు. కాకపోతే, “ఎల్లుండి పొద్దుగాల పెండ్లున్నది, చుట్టాలు రాకముందే పందిట్ల పర్చి ఉండాలె. మాట తప్పొద్దు,” అన్నాడు.

ఇంటికి తెచ్చి పరిస్తే నడిమధ్యలో పులుసు మరక. ఏ పెళ్లిలోనో ఎవరో ఒలకబోసింది. “గిది జూపిస్తె ఆఫీసర్లు ముక్కు మూస్కుంటరు,” అంది వదిన. ఇక ఇద్దరం కొంగు దోపి, సబ్బు ముక్క పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచాం. ఇందాక చెప్పిన కథ అక్కడిది.

తెల్లారి లేచి గోడ మీద ఆరేసినదాన్ని ముట్టుకుంటే చల్లగా, బరువుగా, అట్లాగే ఉంది. మరక కూడా ఎక్కడిదక్కడే ఉంది. అన్న నెత్తి పట్టుకుని, “నేసెటోళ్లకు గింత తెల్వదా? గీ మబ్బుల రెండు దినాలు పడతది,” అన్నాడు.

“నిన్న చెప్పరాదా మల్ల?” అని నేను గొంతు పెంచాను.

“నిన్న నన్నెవ్వలు అడిగిండ్రు?”

వదిన మా ఇద్దరి మధ్యలోకి వచ్చి, జంపఖానాను చుట్టి, “నడువ్, తడిదైతె ఏంది, నేసింది మనమే గదా,” అంది. ఒక్కదాన్ని మోయలేనని తనూ బయల్దేరింది. రిక్షా అతను మూటను ఎత్తి చూసి, “ఇద్దరన్నరు, మూడో మనిషిని గూడ ఎక్కిస్తాండ్రు,” అని సణిగాడు. మా వాడ నుంచి సెంటరు దాకా రిక్షా వెనకాల నీటిచుక్కల గీత పడుతూనే ఉంది.

సెంటరు వరండాలో బెంచీ మీద అప్పటికే కొందరు కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్లోనూ కొత్త జంపఖానాలు, మడతలు పెట్టినవి, పైన ప్లాస్టిక్ కవర్లు. మా మూట కింద మడుగు కట్టింది. వదిన కాలితో ఆ నీళ్లను మెల్లగా మెట్ల వైపు నెడుతోంది. నన్ను పిలిచినప్పుడు మూట ఎత్తలేక తడబడుతుంటే, ప్యాంటూ చొక్కా వేసుకున్న ఒకాయన, నాలాగే నౌకరీకి వచ్చినాయన, తన ఫైలు చంకలో పెట్టుకుని ఒక కొస పట్టి లోపలిదాకా సాయం వచ్చాడు. ఆయన మేలు మరువలేను.

లోపల ఒక మేడమ్, ఒక ముసలి నేత మాస్టరు కూర్చున్నారు. నేల మీద జంపఖానా విప్పగానే లోపలినుంచి ఖణేల్ ఖణేల్‌మని రెండు పంజాలు జారిపడ్డాయి. ఒకటి నాది, ఒకటి వదినది. నేను తలుపు వైపు చూస్తే వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది.

మేడమ్ కుర్చీ వెనక్కి జరుపుకుంది. “ఇదేంటమ్మా, తడిపి తెచ్చావు?”

“ఉతికినం మేడమ్. ఎండలే.”

“ఎందుకు ఉతికారు?”

“మరకున్నదని.”

“మరి మరక ఉందిగా?”

“పోలే మేడమ్.”

ఆమె పెదవులు బిగించింది. “అందరూ కొత్తవి తెచ్చారు. నువ్వు పాతది తెచ్చావు, మరకది తెచ్చావు, తడిది తెచ్చావు.”

అయిపోయింది, ఇక ఇంటికే అనుకున్నాను. కానీ భయం వేస్తే నాకు మాటలు ఇంకా ఎక్కువ వస్తాయి.

“మా ఇంట్ల ఒక్కటి గూడ లేదు మేడమ్, అన్ని అమ్ముడువోతయ్. గిది కిరాయి దుకాణంల అడుక్కొచ్చినం. ఎన్ని పెండ్లిళ్లల్ల పర్చిండ్రో, ఎంతమంది తొక్కిండ్రో లెక్కలేదు. పిల్లలు దీని మీద దుంకిండ్రు, ముసలోళ్లు పండుకున్నరు. అయినా మూలలు సూడుండ్రి, ఒక్కటన్న లేసిందా? మాది గిట్లుంటది మేడమ్. మరక మాది గాదు, పులుసు వడ్డించినోళ్లది.”

మేడమ్ నవ్వుకు తల వంచుకుంది. మాస్టరు కుర్చీలోంచి లేచి గొంతుకూర్చుని, తెల్ల చేతిరుమాలు తీసి తడి ఎర్రచార మీద వేసి అరచేత్తో గట్టిగా అదిమాడు. తీసి చూస్తే రుమాలుకు నీళ్లు తప్ప ఎరుపు అంటలేదు. పక్కనున్న తెల్లచారల్లోకీ ఎరుపు దిగలేదు. ఆయన రుమాలును మేడమ్‌కు చూపించి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత నల్లగీత మీద వేలు పెట్టాడు.

“గిదెవ్వలు ఏసిండ్రు?”

“నేనే సార్. నీలం అయిపోయింది, పెండ్లి ముంగటికొచ్చింది. అడుగుదామంటె సేటు లేడు.”

“ఊఁ.” ఆయన రెండు పంజాలనూ రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. “ఇద్దరు నేసిండ్రన్నట్టు. నీ సగం ఏది?”

ఇది సులువే. నేను ఎప్పుడూ మగ్గానికి ఎడమపక్క కూర్చుంటాను, వదిన కుడిపక్క. పేక దారం నడుమ దాకా నేను తెచ్చి ఆమె చేతికిస్తాను, ఆమె అటు తీసుకెళ్లి తిప్పి తెస్తుంది. ఎవరి సగం వాళ్లు పంజాతో కొట్టుకుంటాం. నల్లగీత వేసింది నేత ముగిసే కొసన. ఆ కొసను అటువైపుకు పెట్టి చూస్తే ఎడమ సగం నాది. ధీమాగా చూపించాను.

“మంచిది,” అని మాస్టరు లేచి, నాతో ఒక కొస పట్టించి జంపఖానాను బోర్లా తిప్పాడు. “ఇప్పుడు?”

ఇప్పుడు కూడా నల్లగీత అటే ఉంది. ఎడమ సగం మాత్రం ఇందాక కుడిది, వదినదని నేను వదిలేసింది. జంపఖానాకు రెండు ముఖాలూ ఒక్కతీరే ఉంటాయి, నేసేటప్పుడు పైన ఉన్న ముఖం ఏదో నాకు ఎట్లా తెలుస్తుంది? నేను వంగి చూశాను, మోకాళ్ల మీద కూర్చుని చూశాను, చేత్తో తడిమాను. ఇటు ఎంత గట్టిగా ఉందో అటూ అంతే ఉంది. నా చేతిపని ఏదో నాకే తెలియలేదు.

“తెలుస్తలేదు సార్,” అన్నాను.

“బయటున్న ఆమెను పిలువ్.”

వదిన తడి పాదాలతో లోపలికొచ్చింది. “అమ్మా, దీంట్ల నీ సగమేది?” అని మాస్టరు అడిగితే ఆమె అటు నుంచి ఇటు నడిచి, ఇటు నుంచి అటు నడిచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, “మంచిగున్న సగం నాది సార్,” అంది.

మేడమ్ ఈసారి నవ్వు దాచుకోలేదు. “మరి మంచిగా లేని సగం ఏది?”

“అదే దొరుకుతలేదు మేడమ్.”

మాస్టరు మేడమ్ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. ఇద్దరు కూర్చుని నేస్తే ఒకరి దెబ్బ గట్టిగా, ఒకరిది మెత్తగా పడుతుందనీ, కొత్తలో కనబడదు గానీ కొన్నాళ్లు తొక్కితే మెత్తగా కొట్టిన పక్క సాగి మూల లేస్తుందనీ చెప్పాడు. ఆ మాట నాకూ తెలుసు, మా వాడలో అందరికీ తెలుసు. కానీ మా జంపఖానాను ముందు పెట్టుకుని పెద్దమనిషి ఒకాయన చెప్తుంటే ఒళ్లు జల్లుమంది.

“ఇద్దరి దెబ్బా ఒకటిగా ఎలా కుదిరింది? ఇంట్లో పోట్లాడుకోరా?” అని అడిగింది మేడమ్.

“రోజు పోట్లాడుతం మేడమ్,” అన్నాను. “నేను అలిగి కొడితె నా దిక్కు పేక కిందికి దిగిపోతది, మా వదినె దిక్కు పైకి తేలుతది. వంకర కొడతది. గందుకే అలిగి మగ్గమెక్కొద్దని పెట్టుకున్నం. ముందుగాల తిట్టుకుంటం, చాయ్ తాగుతం, అటెన్క ఎక్కుతం.”

“ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటే నువ్వేం చేస్తావు?”

“మగ్గం మీద కూసోనియ్య మేడమ్. ఇద్దరినీ బయటికి తోలి, తిట్టుకోనిస్త. అలిసినంక నేనే చాయ్ పోస్త. అప్పటికీ నవ్వకపోతె మాట్లాడుకుంట నడుమ కూసుంట. నా మాటలకు విసుగొచ్చి ఇద్దరు ఒక్కటైతరు.”

“అది మాత్రం నిజం మేడమ్,” అంది వదిన, ఎవరూ అడగకపోయినా.

బయట కూర్చోమన్నారు. అప్పటికి మబ్బు విచ్చి ఎండ కాసింది. ప్రహరీ గోడ మీద జంపఖానా పరిచి, దాని పక్కనే కూర్చుని, కొంగున ఉన్న బెల్లం ఇద్దరం సగం సగం తిన్నాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాతి వాళ్లు ఒక్కొక్కరే వెళ్లి వచ్చారు. ప్యాంటాయన మమ్మల్ని చూసి, “ఎండిందా?” అని అడిగి వెళ్లాడు. నేను గడియారాన్ని మోచేతి నుంచి కిందికి లాగడం, అది మళ్లీ పైకి పోవడం. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా కూర్చున్నది అప్పుడే. వదిన భయపడి నా నుదురు ముట్టి చూసింది.

పొద్దు వాలుతుండగా మేడమే వరండాలోకి వచ్చింది. జంపఖానా కొస చేత్తో పట్టి చూసి, “సోమవారం నుంచి రామ్మా, సూపర్‌వైజరువి నువ్వే,” అంది. మెట్లు దిగుతుంటే వెనకనుంచి, “ఈసారి పొడిగా రా!” అంది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షా ఎక్కలేదు. ఆరిన జంపఖానా ఒకరి నెత్తికి సరిపోయే బరువే ఉంది, మార్చుకుంటూ నడిచాం. ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ వదిన ఆగి చెప్పింది. కూరగాయలామెకు చెప్పింది, సైకిల్ దుకాణం వాడికి చెప్పింది, ఎవరో తెలియని ముసలాయనకూ చెప్పింది. “మా ఆడిబిడ్డ సూపర్‌వైజరైంది. కుర్సీ ఇస్తాండ్రు.” ఇల్లు దగ్గరపడ్డాక మాత్రం మెల్లగా అంది, “ఇగ నా పక్కన ఎవ్వలు కూసుంటరే పిల్లా?”

ఆమె నెత్తి మీది జంపఖానాను నా నెత్తికి మార్చుకున్నాను. “సెంటర్ల మంచిగ నేర్పి ఒకదాన్ని పంపుత వదినె.”

“నీ అంత వాగెటిదాన్ని పంపకు.” రెండడుగులు వేసి, “జర వాగినా మంచిదే,” అంది.

మరునాడు పొద్దున్నే, మిల్లు సైరన్ కూయకముందే, ఇద్దరం జంపఖానా ఎత్తుకుని పెళ్లిపందిట్లోకి పోయాం. చాచా కుర్చీలు దింపిస్తున్నాడు. పెళ్లికొడుకు కూర్చునే చోటు చూపించి పరవమన్నాడు. చెరో కొస పట్టుకుని దులిపి పరిచాం. నాలుగు మూలలూ నేలకు అతుక్కుని పడుకున్నాయి. పులుసు మరక కనబడకుండా దాని మీద నిలబడబోయిన దాన్ని, నిలబడలేదు. అక్కడే కూర్చుని కాళ్లు చాపాను. మేం నేసినదాని మీద నేను కూర్చోవడం అదే మొదటిసారి.

“ఏందే, లెవ్వు, పెండ్లోళ్లు జూస్తరు,” అంది వదిన.

చెయ్యి పట్టి లాగాను. ఆమె కూడా కూలబడింది, రెండో సగంలో, నాలాగే కాళ్లు చాపి.

“ఓ బిడ్డా, లెవ్వుండ్రి, చుట్టాలొస్తాండ్రు!” అని చాచా కేకేశాడు.

“జర ఆగు చాచా,” అన్నాను, “ఇప్పుడే కూసున్నం.”